ఐదేళ్లు ఒకే గదిలో ఉండి సువార్త చెప్పలేదు, ఇప్పుడు ఐసీయూ బయట చెప్పమంటున్నారు

నిజాంపేట_నోవహు
మా సంఘంలో ఈ ఏడాది ఒక రిజిస్టర్ పెట్టారు. ప్రతి విశ్వాసీ నెలకు ఐదుగురికి సువార్త చెప్పాలి, వాళ్ల పేర్లు, ఫోన్ నంబర్లు అందులో రాయాలి. నెలాఖరు ఆదివారం ఆరాధన అయ్యాక అది పైకి చదువుతారు. నా పేరు దగ్గరికి వచ్చేసరికి పాస్టరుగారు కాసేపు ఆగి, కళ్లజోడు సర్దుకుని, తర్వాతి పేరుకి వెళ్తారు. ఏమీ అనరు. ఏదైనా అన్నా బాగుండు.

నేను క్రైస్తవ కుటుంబంలోనే పుట్టాను, ఇంటర్‌లో బాప్తిస్మం తీసుకున్నాను. ప్రార్థన ఉంది, వాక్యం చదువుతాను. కానీ ఎదుటి మనిషితో ఆ మాట మొదలుపెట్టాలంటే నోరు ఎండిపోతుంది. ఐదేళ్లుగా నా రూమ్మేట్ హిందువు. శనివారం వాడికి ఒంటిపూట భోజనం, ఆదివారం నాకు చర్చి. వాన పడితే వాడే నన్ను బండి మీద దింపుతాడు. ఇన్నేళ్లలో వాడికి ఒక్క ముక్క చెప్పలేదు.

పోయిన మంగళవారం వాళ్ల నాన్నగారిని ఐసీయూలో చేర్చారు. రాత్రి ఆసుపత్రి మెట్ల మీద కూర్చుని, "ఒరేయ్, మీవాళ్లు ప్రార్థన చేస్తారుగా, మా నాన్న కోసం చెయ్యరా" అన్నాడు. సరేనన్నాను. అక్కడైతే చెయ్యలేదు, గదికి వచ్చాక చేశాను. పాస్టరుగారికి చెప్తే, "దేవుడు తలుపు తెరిచాడు, బైబిలు తీసుకెళ్లి తల్లీకొడుకులకి రక్షణ మార్గం చెప్పు, నేనూ వస్తా" అన్నారు. నాకు మనసొప్పడం లేదు. మనిషి ప్రాణాల మీద ఉంటే దాన్ని అవకాశంగా తీసుకోవచ్చా? లేక నా పిరికితనానికి మర్యాద అని పేరు పెట్టుకుంటున్నానా?

కరపత్రం_కుర్రాడు
రెండోదే బ్రదర్. కోపం తెచ్చుకోవద్దు. అతను నోరు తెరిచి అడిగాడు. ఇంకేం కావాలి? వినకపోతే ఎలా నమ్ముతారు, చెప్పేవాడు లేకపోతే ఎలా వింటారు అని రోమా 10లో పౌలు అడిగింది ఇదే కదా.

మూడోబెంచీ
నెలకు ఐదుగురు, ఫోన్ నంబర్లతో సహా! మా ఆఫీసులో దీన్ని టార్గెట్ అంటారు. మరి ఇన్సెంటివ్ ఏమైనా ఉందా?

పక్కింటి_శివ
నేను హిందువుని. ఇక్కడ కీర్తనల సంగీతం గురించిన చర్చల కోసం వస్తాను. మధ్యలో దూరుతున్నందుకు ఏమనుకోకండి.

మా అమ్మ పోయిన మూడో రోజు మా ఆఫీసాయన ఒకరు పరామర్శకి వచ్చారు. పది నిమిషాలు బాగానే కూర్చున్నారు. లేచేటప్పుడు సంచిలోంచి చిన్న పుస్తకం తీసి నా చేతిలో పెట్టి, "మీ అమ్మగారికి ఈ అవకాశం దొరకలేదు, మీకు దొరికింది" అన్నారు. ఆయన మంచివాడే, మనసులో చెడు లేదని నాకు తెలుసు. కానీ ఆ వాక్యం ఇప్పటికీ గుచ్చుకుంటుంది. నోవహుగారూ, మీ రూమ్మేట్ అడిగింది ప్రార్థన. అదొక్కటి చెయ్యండి.

కరపత్రం_కుర్రాడు
శివగారూ, ఆయన అలా అనడం తప్పు. ఒప్పుకుంటాను. కానీ ఒక మనిషి తప్పుగా చెప్పాడని అందరూ నోరు మూసుకోవాలా?

మా నాన్న సంగతి చెప్తాను. తాగుడు. జీతం వచ్చిన రోజు ఇంటికి వచ్చేవాడు కాదు. ఒకరోజు తెనాలి స్టేషన్‌లో పల్లీలు కొన్నాడు. పొట్లం కట్టిన కాగితం ఎవరో పంచిన కరపత్రం. ఎవరో చదవకుండా పారేస్తే పల్లీలవాడికి చేరింది. నూనె మరకల మధ్య తప్పిపోయిన కుమారుడి కథ సగం ఉందట. మిగతా సగం తెలుసుకోవడానికి వెతుక్కుంటూ ఒక కూటానికి వెళ్లాడు. నేను ఈ రోజు ఇంజనీరింగ్ చదివి ఉన్నానంటే ఆ పల్లీల పొట్లమే కారణం. అందుకే నేను బస్టాండ్‌లో నిలబడి పంచుతాను. నూరు మంది పారేస్తారు. పారేసినా సరే.

మూడోబెంచీ
ఇదొక్కటీ చదివి నా జోకు వెనక్కి తీసుకుంటున్నాను.

నల్లకోటు
చట్టం సంగతి కూడా కాస్త చూసుకోండి. రాజ్యాంగం 25వ అధికరణం మతాన్ని అవలంబించడం, ఆచరించడంతో పాటు ప్రచారం చేసుకునే హక్కు కూడా ఇచ్చింది. 'ప్రచారం' అన్న మాట ఉండాలా వద్దా అని రాజ్యాంగ సభలో గట్టి వాదనే జరిగి, చివరికి ఉంచారు. తర్వాత బలవంతంగా, ఆశ చూపి, మోసంతో మతం మార్చడాన్ని నిషేధిస్తూ ఒడిశా 1967లో, మధ్యప్రదేశ్ 1968లో చేసిన చట్టాల మీద కేసు సుప్రీం కోర్టుకు వెళ్తే, 1977లో స్టానిస్లాస్ తీర్పు వచ్చింది. మీ మత సిద్ధాంతాలను వివరించి చెప్పుకోవచ్చు గానీ, ఎదుటివాణ్ణి మతం మార్చే హక్కు 'ప్రచారం'లో భాగం కాదంది. చెప్పడం నీ హక్కు, మారడం మారకపోవడం అతని ఇష్టం అని నేను చదువుకుంటాను.

నాకు భయం వేసింది ఆ రిజిస్టర్ చూసి. అడగకుండా పేరు, నంబరు రాసుకోవడమేంటి? వాళ్లలో ఎస్సీలు ఎవరైనా ఉండి, రేపు ఆ పుస్తకం ఎవరి చేతిలోనైనా పడితే? 1950 రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం క్రైస్తవం తీసుకున్నవాళ్లకి ఎస్సీ హోదా ఉండదు. మన దగ్గర బీసీ-సీ కిందికి వస్తారు. ఒకరి సర్టిఫికెట్, ఉద్యోగం ఆ కాగితం మీద ఆధారపడి ఉంటాయి. మీకది సాక్ష్యాల పట్టిక. వాళ్లకది ఇంకేదైనా కావచ్చు.

నిజాంపేట_నోవహు
ఇది నాకు తట్టనే లేదు. పాస్టరుగారితో మాట్లాడతాను.

మానుకోట_మేరి
నేను 26 ఏళ్లు నర్సుగా చేసి రిటైర్ అయ్యాను. కాబట్టి ఐసీయూ గురించి మాట్లాడే అర్హత ఉందనుకుంటున్నాను.

ముందు మా అమ్మమ్మ గురించి. ఆమె డోర్నకల్ డయాసిస్‌లో, అంటే అక్కడి బిషప్ కింద ఉన్న సంఘాల్లో, బైబిల్ ఉమన్, ఊళ్లలో తిరిగి వాక్యం చెప్పే ఆడమనిషి. అజరయ్య బిషప్ కాలం మనిషి. 1912లో బిషప్ అయిన ఆయన తిరునెల్వేలి వైపు నుంచి వచ్చిన తమిళుడు, ఆంగ్లికన్ సంఘంలో మొదటి భారతీయ బిషప్. బాప్తిస్మం తీసుకున్నవాళ్ల చేత తల మీద చెయ్యి పెట్టించి, "నేను బాప్తిస్మం పొందిన క్రైస్తవుణ్ణి, సువార్త ప్రకటించకపోతే నాకు శ్రమ" అనిపించేవారు. మొదటి కొరింథీ 9:16 అది. అంటే చెప్పడం పాస్టరు జీతంలో భాగం కాదు, తల తడిసిన ప్రతివాడి పని. ఆ మాట నేను నమ్ముతాను. కాబట్టి నోవహూ, 'నా మౌనమే సాక్ష్యం' అని మాత్రం ఇక్కడ రాయకు బాబూ.

కానీ అమ్మమ్మ ఎలా చెప్పేదో కూడా విను. మిరపతోటలో కూలీకి వెళ్లి, కాయలు కోస్తూ పాడుకునేది. పక్క సాలులో ఉన్నామె "ఏం పాటే అది" అని అడిగిందాకా పాట మాత్రమే. అడిగాక సాయంత్రం గట్టు మీద కూర్చుని కథ మొత్తం చెప్పేది, వదిలేది కాదు! వాళ్ల ఊళ్లో పెద్దకులాల వాళ్లు సంఘం వైపు చూసింది కూడా బోధ విని కాదు, దళితుల పల్లెలో తాగుడు, తగాదాలు తగ్గడం చూసి అని చెప్పేది. పైనున్నవాళ్లు కింద ఉన్నవాళ్లని చూసి నేర్చుకోవడం అన్నమాట. పుస్తకాల్లో కూడా డోర్నకల్ గురించి ఇదే రాశారు.

ఇక ఆసుపత్రి. డ్యూటీలో ఉండగా పేషెంటు అడగకుండా నేను ఎప్పుడూ ప్రార్థన చెయ్యలేదు. గొట్టాలతో పడుకున్నవాడు లేచి వెళ్లిపోలేడు కదా. వద్దనే వీలు లేనివాడికి చెప్పేది సువార్త కాదు. వాళ్లమ్మ పరిస్థితీ అంతే, ఆ కుర్చీ వదిలి ఎక్కడికి పోతుంది?

కాజీపేట_ఫ్రాన్సిస్
మేరి అక్క చివరి రెండు వాక్యాలు ఫ్రేము కట్టించుకోవాలి. మా కథోలికుల్లో ఆరో పౌలు పోపు 1975లోనే రాశారు, ఈ కాలపు మనిషి బోధకుల కంటే సాక్షుల మాటే ఎక్కువగా వింటాడు, బోధకుల మాట విన్నాడంటే వాళ్లు సాక్షులు కూడా అయినందుకే అని.

మూడోబెంచీ
కథోలికులకు రిజిస్టర్ ఉందా?

కాజీపేట_ఫ్రాన్సిస్
మాకు ఉన్న రిజిస్టర్లు చాలు బాబూ, బాప్తిస్మం, పెళ్లి, సమాధి.

డల్లాస్_దావీదు
అవతలి వైపు ఎలా ఉంటుందో తెలియాలంటే ఇక్కడికి రండి. మా అపార్ట్‌మెంట్‌కి నెలకోసారి మోర్మన్ కుర్రాళ్లు ఇద్దరు వస్తారు, అమెరికాలో పుట్టిన ఒక మతశాఖ ప్రచారకులు. తెల్లచొక్కా, టై, నల్ల బ్యాడ్జి, పంతొమ్మిది ఇరవై ఏళ్లు. బెల్ మోగగానే మా ఆవిడ, నేను టీవీ మ్యూట్ చేసి, ఊపిరి బిగపట్టి కూర్చుంటాం. ఇద్దరం విశ్వాసులం, ఇద్దరం విజయవాడలో ఇంటింటి సువార్తకి తిరిగినవాళ్లం! ఒకసారి తలుపు కన్నంలోంచి చూస్తే ఆ పిల్లవాడు నుదుటి చెమట తుడుచుకుంటున్నాడు. అప్పుడు గుర్తొచ్చింది, మేము కూడా ఎన్ని ఇళ్ల ముందు అలా నిలబడ్డామో, లోపల ఎంతమంది టీవీలు మ్యూట్ అయ్యాయో. తలుపు తీసి మంచినీళ్లు ఇచ్చాను. వాళ్ల సిద్ధాంతం నాకు పడదు. అయినా వాళ్ల తెగువ నాకు లేదు.

పక్కింటి_శివ
దావీదుగారూ, మేమూ మ్యూట్ చేస్తాం. కన్ఫర్మ్ చేస్తున్నాను.

ఒక్క మనవి. ఇక్కడ కాదు గానీ మీ సభల మైకుల్లో మమ్మల్ని 'అన్యులు' అంటారు. పదిళ్ల అవతల కూర్చుని వింటుంటే ఎలా ఉంటుందో ఆలోచించండి. గాంధీగారు అన్నట్టు గులాబీ తన వాసన గురించి ఉపన్యాసం ఇవ్వదు కదా.

మానుకోట_మేరి
'అన్యులు' మీద మీరు చెప్పింది నూటికి నూరు పాళ్లు నిజం. బైబిలు అనువాదంలో యూదులు కానివాళ్లకి వాడిన మాట అది. ఆ లెక్కన మనమంతా అన్యులమే, నాతో సహా.

గులాబీ దగ్గర మాత్రం నేను ఒప్పుకోను. గులాబీకి నోరు లేదు శివగారూ, మనిషికి ఉంది. మీకు బాగా నచ్చిన కీర్తన గురించి మీరు ఈ వేదిక మీద పేజీలు రాశారు, నేను చదివాను. నచ్చింది చెప్పుకోకుండా ఉండలేకపోయారు.

పక్కింటి_శివ
దొరికిపోయాను. 🙂

గుండ్లకమ్మ
ఆలస్యంగా చూశాను. కష్టకాలాన్ని అవకాశంగా తీసుకోవచ్చా అన్న ప్రశ్న మా ఒంగోలు వాళ్లకి కొత్త కాదు. 1876-78 ధాత కరువులో క్లౌ దొర (ఒంగోలులో పనిచేసిన అమెరికన్ బాప్టిస్టు మిషనరీ) బకింగ్‌హాం కాలువ తవ్వకంలో మూడున్నర మైళ్ల ముక్క కాంట్రాక్టుకి తీసుకున్నాడు. ఆకలితో ఉన్న జనానికి కూలి దొరకాలని. వేలమంది వచ్చారు. తట్టలు మోస్తూ రోజూ బోధకుల మాటలు విన్నారు. బాప్తిస్మం ఇమ్మని అడిగితే, దొర ఇవ్వలేదు. తిండి కోసం వచ్చారో, దేవుడి కోసం వచ్చారో ఇప్పుడు తేలదన్నాడు. ఏడాదికి పైగా ఆపేశాడు. కరువు తగ్గి, పంచడానికి బియ్యం, ఇవ్వడానికి కూలి ఏమీ మిగలని రోజున కూడా జనం వదల్లేదు. అప్పుడు 1878 జూలై 3న గుండ్లకమ్మలో వెల్లంపల్లి దగ్గర ఒక్క రోజులో 2,222 మందికి బాప్తిస్మం ఇచ్చారు. ఆరుగురు బోధకులు, ఒక్కో విడతకి ఇద్దరు నీళ్లలో దిగి.

ప్రపంచమంతా ఆ 2,222 గురించే చెప్తుంది. నా లెక్కలో గొప్పది ఆ ఆపేసిన ఏడాది. నోవహుకి నా సలహా అదే, చెయ్యగలిగింది చెయ్యి, చెప్పాల్సింది తర్వాత చెప్పు.

పక్కింటి_శివ
మాష్టారూ, బాప్తిస్మం ఆపారు సరే. మరి కాలువ గట్టు మీద కూలివాళ్లకి చెప్పడం ఆపలేదుగా? పొట్టకూటికి వచ్చినవాడు మేస్త్రీ చెప్పేది వినక ఏం చేస్తాడు? మేరిగారి లెక్కలో చూస్తే అతను కూడా లేచి వెళ్లిపోలేడు.

గుండ్లకమ్మ
గట్టి ప్రశ్న. నాకు జవాబు లేదు, నాలుగైదుసార్లు రాసి చెరిపేశాను. ఒక్కటి చెప్పగలను. వాళ్లలో చాలామంది మొదటిసారి విన్నది గట్టు మీద కాదు. తాళ్లకొండపాడు యర్రగుంట్ల పేరయ్య అని మాదిగవాడు, యోగమార్గంలో ఉన్నవాడు, దొర ఒంగోలులో కాపురం పెట్టకముందే ఏలూరు వైపు వెళ్లినప్పుడు విని వచ్చి, తన బంధువులకీ శిష్యులకీ ఊరూరా చెప్పుకున్నాడు. 1866లో బాప్తిస్మం తీసుకున్నాడు. కరువుకి పదేళ్ల ముందు. అతని చేతిలో కాంట్రాక్టు లేదు, కూలి లేదు. ఒక మాదిగ ఇంకో మాదిగకి గుడిసె ముందు కూర్చుని చెప్పిన మాట అది. దొరల పేరు మీద రాసుకున్న చరిత్రలో సగం ఇలాంటివాళ్లదే.

కరపత్రం_కుర్రాడు
మాష్టారూ, అదే నేను అంటున్నది. పేరయ్య నోరు తెరిచాడు! శిష్యుడు గురువు మాట వినక తప్పదు కదా అని ఆగలేదు.

ఉప్పుకల్లు
ఇన్ని పోస్టుల్లో ఇంట్లోవాళ్ల సంగతి ఎవరూ ఎత్తలేదు. మా ఆయన హిందువు. పదకొండేళ్లు. ప్రతి ఆదివారం నన్ను దింపి, చర్చి బయట కారులో పేపరు చదువుకుంటూ కూర్చుంటారు. సంఘంలో ఆడవాళ్లు "ఇంకా రక్షణ పొందలేదా" అని అడిగే తీరు ఎలా ఉంటుందంటే, పెళ్లైన రెండో ఏడు "ఇంకా విశేషం లేదా" అని అడిగినట్టే ఉంటుంది. పేతురు మొదటి పత్రిక మూడో అధ్యాయం మొదట్లో భార్యలకి చెప్పింది చూడండి, మాట లేకుండా ప్రవర్తన వల్లే భర్తలు రాబట్టబడవచ్చునని. అదే అధ్యాయం 15వ వచనంలో, అడిగినవాడికి జవాబు చెప్పడానికి సిద్ధంగా ఉండు, సాత్వికంగా చెప్పు అని. రెండూ ఒకే పేజీలో ఉన్నాయి. మన పాస్టర్లకి పేజీ తిప్పే ఓపిక ఉండదు.

పోయిన క్రిస్మస్‌కి మా ఆయన "మీ పాస్టరు 'కృప' 'కృప' అంటాడు, అంటే ఏంటి" అన్నారు. పదకొండేళ్లు ఎదురుచూసిన ప్రశ్న. నేను కుక్కర్ మూడో విజిల్ కోసం చూస్తున్నాను. తడబడి ఏదో చెప్పాను. "ఓహో" అని వెళ్లిపోయారు. సిద్ధంగా ఉండాలన్నది ఎందుకో ఆ రోజు తెలిసింది. నోవహు తమ్ముడూ, అడిగిన రోజుకి నీ దగ్గర మాట ఉండాలి. బైబిలు సంచిలో ఉంటే చాలదు.

డల్లాస్_దావీదు
అక్కా, ఆ 'కృప'కి ఏం చెప్పారో రాయండి, నాకూ పనికొస్తుంది.

ఉప్పుకల్లు
"అర్హత లేకపోయినా దొరికేది, మీకు నేను దొరికినట్టు" అన్నాను. సిద్ధాంతం తప్పైతే క్షమించండి.

కాజీపేట_ఫ్రాన్సిస్
😂 వాటికన్‌కి పంపిస్తున్నాను.

నిజాంపేట_నోవహు
నిన్న జరిగింది రాస్తాను.

పాస్టరుగారిని నాలుగు రోజులు ఆగమన్నాను. రిజిస్టర్‌లో నంబర్ల సంగతి నల్లకోటుగారు చెప్పినట్టే చెప్పాను. మొదట చిన్నబుచ్చుకున్నారు గానీ, ఎస్సీ సర్టిఫికెట్ మాట వినగానే ఆలోచనలో పడ్డారు. వాళ్ల తమ్ముడిదీ అదే సమస్యట.

సాయంత్రం టిఫిన్ డబ్బా తీసుకుని ఆసుపత్రికి వెళ్లాను. ఐసీయూ బయట చెప్పుల వరస, కుర్చీల కింద దుప్పట్లు, నీళ్ల సీసాలు. వాడు డాక్టరుతో మాట్లాడటానికి లోపలికి వెళ్లాడు. వాళ్లమ్మగారు పెరుగన్నం నాలుగు ముద్దలు తిని డబ్బా మూసేశారు. ఒళ్లో గుడి నుంచి తెచ్చిన కుంకుమ పొట్లం. వాడు తిరిగి వచ్చి నా పక్కన కూర్చుని, "అడిగాను కదరా, చేశావా" అన్నాడు. గదిలో చేశానన్నాను. "మాకు వినపడేలా చెయ్యి" అన్నాడు.

చేశాను. గొంతు వణికింది. ఆయన పేరు, డాక్టర్లు, రాత్రి డ్యూటీ నర్సులు, అమ్మగారికి నిద్ర. యేసు నామంలో అడుగుతున్నానని పైకే అన్నాను, మింగెయ్యలేదు. మొత్తం ఒక నిమిషం కూడా పట్టలేదు. కళ్లు తెరిస్తే అమ్మగారు చేతులు జోడించి ఉన్నారు. "ఆమెన్ నేను కూడా అనాలా బాబూ" అని అడిగారు. మీ ఇష్టం అమ్మా అన్నాను. ఆవిడ అనలేదు. నా తల మీద చెయ్యి పెట్టారు.

తర్వాత మెట్ల దగ్గర వాడు అడిగాడు, "ఐదేళ్లలో నాకెప్పుడూ ఎందుకు చెప్పలేదురా, నేను ఒప్పుకోననా?" ఏం చెప్పాలో తెలియలేదు. నీకు నచ్చదేమో, ఫ్రెండ్‌షిప్ పోతుందేమో అని భయపడ్డానన్నాను. "నేను శనివారం ఎందుకు ఒంటిపూట ఉంటానో నువ్వూ అడగలేదు" అన్నాడు. అది మాత్రం నాకు తగిలింది.

ఆయనకి ఇంకా వెంటిలేటర్ తియ్యలేదు.

మానుకోట_మేరి
చెయ్యి పెట్టిందా నీ తల మీద. సరే. వాళ్లమ్మకి రాత్రి ఒక గంటైనా పడుకోవడానికి చోటు చూపించు, ఆ కుర్చీల్లో కాళ్లు వాస్తాయి.

కరపత్రం_కుర్రాడు
స్తోత్రం బ్రదర్. నా మొదటి పోస్టు కొంచెం దురుసుగా ఉంది. కానీ తర్వాతి మాట కూడా చెప్పాలి, ఇక్కడితో ఆగొద్దు.

పక్కింటి_శివ
శనివారం ఎందుకో అడిగారా మరి?

నిజాంపేట_నోవహు
అడిగాను. చిన్నప్పుడు వాడికి టైఫాయిడ్ వస్తే వాళ్ల నాన్న ఆంజనేయస్వామికి మొక్కుకున్నారట. కొడుకు బతికితే ఇద్దరం శనివారాలు ఉంటామని. ఆయన ఐసీయూలో ఉన్నా వాడు ఆయన వంతు కూడా కలిపి ఈ శనివారం పూర్తిగా తినలేదు. ఇంకో సంగతి. పొద్దున అమ్మగారు నన్ను కొబ్బరికాయ కొని తెమ్మన్నారు, కింద గుడిలో కొట్టించడానికి. ఆవిడ మెట్లు దిగలేరు. తెచ్చి ఇచ్చాను.

కరపత్రం_కుర్రాడు
కొబ్బరికాయా??

గుండ్లకమ్మ
విగ్రహాలకు అర్పించినవాటి గురించి పౌలు రాసిన మొదటి కొరింథీ 8, 10 అధ్యాయాలు పక్కపక్కన పెట్టుకుని చదవండి, తర్వాత అరవండి.

డల్లాస్_దావీదు
కొనివ్వడం వేరు, కొట్టడం వేరు కదా?

ఉప్పుకల్లు
మా అత్తగారికి పదకొండేళ్లుగా నేనే కొంటున్నాను, పీచు చూసి మరీ.

కరపత్రం_కుర్రాడు
అక్కా, అత్తగారు వేరు...

నిర్వాహకుడు
కొబ్బరికాయ మీద విడిగా కొత్త చర్చ మొదలుపెట్టండి. ఇక్కడ నోవహుగారి రూమ్మేట్ నాన్నగారి ఆరోగ్యం గురించి కబురు ఉంటేనే రాయండి.

నిజాంపేట_నోవహు
రేపు ట్యూబు తీసి చూస్తామన్నారు. పదకొండు గంటలకి.